పద్నాలుగో సొరుగు

పెన్జాన్స్‌లో వాన అడ్డంగా కురుస్తుంది,
గొడుగుకే సిగ్గేసేలా.
హార్బర్‌కి దిగే వీధి మలుపులో
బోర్డు లేని కొట్టు మాది.
మాది అంటే, లవ్‌డే ట్రెగీర్‌ది.
నేను శనాదివారాలు సొరుగులు నింపే మనిషిని.

పాత మందులషాపు బీరువా ఒకటి,
అరవై సొరుగులు, ఇత్తడి పిడులు,
దేని మీదా పేరుండదు, అంకెలే.
మూడు పౌండ్లిచ్చి ఒకటి లాగు, ఉన్నది నీది.
మార్చడాల్లేవు, తిరిగిచ్చేదీ లేదు.
"లోపలేముంది?" అంటే
లవ్‌డే కళ్ళజోడు తుడుచుకుంటుంది, అంతే.

నింపేది నేనే గనక నాకు తెలుసు:
ఏడులో ఒంటి చెవిపోగు,
ఇరవై రెండులో తుప్పు పట్టిన ఈల,
ముప్ఫై ఒకటిలో ఎవరో ఎవరికో
రాసి పంపని పోస్టుకార్డు,
నలభైలో కుంకుమపువ్వు బన్ను, ఇంకా వెచ్చగా.
అర పౌండు చెయ్యనివే ఎక్కువ.
మొదట్లో నాకు మనసొప్పేది కాదు.
మా బడి గేటు దగ్గర
లాగుడు చీటీలమ్మే నరసింగం కూడా
ఇంత నిబ్బరంగా మోసం చేసేవాడు కాదనుకున్నాను,

ఆ ఈల దొరికిన ముసలి జాలరి
కొట్టు మధ్యలో నిలబడి ఊదేదాకా.
పలకలేదది. తుస్సుమంది.
లైనులో పదకొండు మంది నవ్వారు,
ఆయన అందరికన్నా గట్టిగా.
మరుసటి శనివారం మనవణ్ణి తెచ్చాడు.

లండన్ నించి ఒక కుర్రాడొచ్చాడు,
తడిసిన సూటు, తడవని ల్యాప్‌టాప్.
"బ్రాండంటే నమ్మకమండీ,
ఏ సొరుగులో ఏముందో
కాస్తయినా ముందే చెప్పాలి" అన్నాడు.
లవ్‌డే బీరువా వైపు గడ్డం ఊపింది.
యాభై మూడు లాగాడు. సుద్దముక్క.
రసీదు అడిగాడు, రాసిచ్చాను.
అరగంటకి మళ్ళీ వచ్చాడు,
మూడు నాణేలు గుప్పిట్లో మూసుకుని,
సరి బేసి ఆటలో పిల్లాడిలా.

నాకప్పుడు గుర్తొచ్చింది మా చీరలమూట షాబుద్దీన్.
ముడి విప్పడానికే పావుగంట.
దుప్పటి, దాని కింద కాగితం,
దాని కింద ఇంకో కాగితం,
మధ్యలో మంచినీళ్ళు, ఎండ కబుర్లు.
"అడుగున ఒకటుందమ్మా,
అది ఇంకోసారి చూద్దురు గాని."
ఆ అడుగు చీర ఎవరూ చూడలేదు.
చూడలేదు గనకే కాబోలు
మా వీధి ఇంకొకడి దగ్గర జాకెట్టు ముక్కయినా కొనలేదు.

మా కొట్లోనూ ఒకటుంది అలాంటిది.
పద్నాలుగు. తాళం కప్ప చిన్నది, చాలా పాతది.
మునిగిన ఓడలో నాణెమని చేపల మార్కెట్లో అంటారు,
మొగుడి ఉత్తరమని లైబ్రరీలో అంటారు.
అడగడానికి వచ్చినవాళ్ళు ఊరికే పోలేక
పక్క సొరుగు లాగి పోతారు.
పదమూడూ, పదిహేనూ
నేను రోజుకి నాలుగుసార్లు నింపాలి.

ఫిబ్రవరిలో గోడ చెమ్మెక్కితే
బీరువాని జానెడు ముందుకి జరిపాం,
రంగులేసే అబ్బాయీ నేనూ.
వాడు బ్రష్షు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు
టార్చి వేసి వెనక నించి చూశాను.
అరవై గూళ్ళు ఉండాల్సిన చోట
యాభై తొమ్మిది.
పద్నాలుగు ఉత్త చెక్క, నాలుగు మేకులు,
ముందు వైపున పిడి.

లవ్‌డేతో అనలేదు.
ఆమె అడగలేదు, టీ ఇచ్చింది,
రోజూకంటే ఒక బిస్కెట్టు ఎక్కువ.

"ఆంటీ, పద్నాలుగులో ఏముంది?"
ఈల ముసలాయన మనవడు,
ముక్కు బల్ల అంచుకి ఆనించి.
నాకు కళ్ళజోడు లేదు.
ఏప్రాన్ అంచు తీసుకుని
ఆ పిడిని తుడిచాను, బాగా, మెరిసేదాకా.

సాయంత్రం లైట్లార్పి, తలుపేసేముందు,
అంతా తెలిసీ
ఒకసారి లాగి చూస్తాను.