విడుదల కిటికీ

రాత్రి పదకొండింటికి ట్రేలో రెండు కాగితాలు,
ఒకదాని వీపు మీద ఒకటి.
పైది ఫ్యాక్స్. ఇంకా వెచ్చగా ఉంది.
ఒరోస్కో ఫిదెన్సియో అనే ఇతన్ని
మరో నలభై ఎనిమిది గంటలు ఉంచమంటోంది.
కింద ఫెడరల్ ఆఫీసరు సంతకం.
జడ్జి పేరు కోసం వెనక్కి తిప్పి చూశాను,
వెనక తెల్లకాగితం.

కిందది మా రాష్ట్రం చట్టం.
జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి
అక్షరాల అంచులు అరిగిపోయిన పేజీ.
నా కుర్చీ వెనక గోడకుండేది.
టేపు ఎండి, అదే ఊడి పడింది.
అలా ఉంచకూడదంటోంది అది.
ఎప్పుడు వదులుతున్నామో వాళ్ళకి చెప్పకూడదని కూడా.

అతని నేరమా?
వెనక లైటు పగిలిన పికప్పు, గడువు తీరిన లైసెన్సు.
బెయిలు అయిదు వందలు.
మరదలు కట్టింది, ఆపిల్ షెడ్డులో షిఫ్టు దిగి, ఏప్రనుతోనే.
అన్నీ అయిదులూ ఒకట్లూ. నోట్లకి మైనం వాసన.
రెండుసార్లు లెక్కపెట్టాను,
రెండుసార్లూ ఒక డాలరు ఎక్కువొచ్చింది.
తిరిగిచ్చేస్తే నమ్మలేనట్టు చూసింది
ఆ ఒక్క కాగితాన్ని.

మా కౌంటీ లాయరు శిక్షణ రోజున అన్నాడు:
ఉంచితే అతను దావా వేస్తాడు,
వదిలితే వాషింగ్టన్ వేస్తుంది,
ఎటైనా కాఫీ మాత్రం మన ఖర్చే.
అందరం నవ్వాం.
పైకోర్టులో ఏదో నడుస్తోందట,
తీర్పు మీద స్టే, స్టే మీద అప్పీలు.
నా డ్యూటీ మాత్రం రాత్రి పదినుంచి ఆరుదాకా.

అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా,
నేను పోకచెక్కని కాను. అది ఆరో నంబరు గదిలో
బూట్లు లేకుండా నిద్రపోతోంది.
నేను రెండు రెక్కల్నీ కలిపే మేకుని.
పందొమ్మిదేళ్ళుగా
ఎటు నొక్కినా తిరుగుతున్నాను.

కిటికీలోంచి బూడిదరంగు కారు.
ఇంజను ఆగలేదు, లోపల రెండు తలలు.
మా తలుపు నుంచి పదకొండడుగులు కౌంటీ తారు,
ఆపైన వీధి.
కారు వీధిలోనే ఉంది,
ముందు చక్రం ఒక్కటీ మా తారు మీద.

నాలుగూ పదికి అతన్ని తీసుకొచ్చారు.
వస్తువులు చదివి వినిపించాను:
బెల్టు ఒకటి. డాలర్లు పద్నాలుగు.
కొమ్మలు కత్తిరించే కత్తెర, తుప్పు లేదు.
పుదీనా బిళ్ళలు, సగం పొట్లం.
లేసులు, ఒక జత.
సంతకం పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు:
"బయట చలిగా ఉందా?"

ఈ ప్రశ్నకి వెయ్యిసార్లు జవాబు చెప్పుంటాను.
ఈ రాత్రి మాత్రం తూకం వేశాను.
చెబితే సాయమా? చెప్పకపోతే,
అది సాయం కాదా, ఇంకొకరికి?
"ఉంది," అన్నాను. "చాలా ఉంది."
కిటికీ వైపు చూడలేదు నేను.
చూడనందుకే చూశాడేమో అతను.

బెంచీ మీద కూర్చుని
లేసు ఎక్కించడం మొదలెట్టాడు,
కింది కన్నం నుంచి, ఒక్కోటీ.
పైదాకా వచ్చి, విప్పి, మళ్ళీ.
లేసులు కట్టుకోడానికి ఎంతసేపు పట్టాలో
నా ట్రేలోని ఏ కాగితంలోనూ లేదు.

అయిదున్నరకి ఫోను మోగింది.
"అతనింకా లోపలే ఉన్నాడా?"
మర్యాదైన గొంతు, నిద్రలేని గొంతు,
నాలాగే ఎవరో జీతగాడు.
"ఆ వివరం చెప్పలేనండీ," అంటూనే ఉన్నాను,
వెనక తలుపు బజరు మోగి ఆగింది.
బెంచీ మీద ఎవరూ లేరు.
ఒక పుదీనా బిళ్ళ ఉంది.

రిజిస్టరులో విడుదల సమయానికి ఒకటే గడి.
పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

ఆరింటికి బయటికొస్తే
మంచు పట్టిన వీధి మీద కారంత పొడి చోటు.
దాని పక్కన అడుగులున్నాయేమో, ఎటు వెళ్ళాయో చూద్దామంటే
పగటి షిఫ్టు వాళ్ళు
అప్పటికే తొక్కేశారు.