రెండో మెనూ

గంటకు రెండు డాలర్ల పదమూడు సెంట్లు నా జీతం.
ఆ పదమూడు సెంట్లు ఎవరు కలిపారో,
ఏ గదిలో కూర్చుని ఎంత బేరమాడి కలిపారో
పందొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

పడ్యూకాలో, ఒహాయో నది పక్కన
లారీలు ఆగే మలుపులో మా హోటలు.
ఐదింటికి నేను షట్టరు లేపేసరికి
నీళ్ళ మీద బార్జీల దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి.

ఆరుంబావుకి ఆర్విన్ కెల్సో గారు.
రిటైరైన లెక్కల మాస్టారు. వెంట భార్య మార్వెల్.
ఆయనకు రెండు గుడ్లు, మాడని టోస్టు.
ఆవిడకు ఓట్స్ జావ,
బ్రౌన్ షుగర్ మాత్రం వేరే చిన్న గిన్నెలో.
బిల్లు సెంటు తేడా లేకుండా కడతారు.
వాళ్ళు లేచాక బల్ల మీద
టోస్టు పొడి తప్ప ఏమీ ఉండదు.

ఒకసారి అడిగేశాను, నవ్వుతూనే.
"పాసైన ప్రతివాడికీ బహుమతి ఇస్తారా ఐవా?
మామూలుగా చేసిన పనికి జీతం ఉంది.
నూటికి నూరు దాటి రాస్తే, అప్పుడు చూద్దాం."
నూటికి నూరు దాటి ఎలా రాస్తారో
లెక్కల మాస్టారికే తెలియాలి.

వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు గదా సార్,
నా కుండలో వేన్నీళ్ళే లేవు,
ఉన్నవన్నీ ఎవరో ఒకరు పోసిన చన్నీళ్ళే
అని మనసులో అనుకుని
పైకి కాఫీ పోశాను.

డెల్బర్ట్ అని ఒక లారీ డ్రైవరు,
వాడి చొక్కా మీద కాఫీ ఒలకబోసినా ఐదు పెట్టి పోతాడు.
వాళ్ళమ్మ ట్రే మోసి వాణ్ణి పెంచిందట.
ఆదివారం చర్చి నుంచి ఒక గుంపు వస్తుంది,
ప్లేటు కింద ఇరవై నోటు కనిపిస్తుంది.
విప్పితే లోపల ప్రార్థన.
దేవుడి మీద నాకు కోపం లేదు,
ఆ మడత మీదే.

అక్టోబరులో ఐదు వారాలు కెల్సో గారు రాలేదు.
నేను గమనించలేదు కూడా, నిజం చెప్పొద్దూ.
ఆయన వచ్చిన రోజు ట్రెస్సా పనికి ఎగ్గొట్టింది,
గిన్నెలు కడిగే మిషను కారుతోంది,
పదకొండు బల్లలూ నా ఒక్కదాని మెడకే.
ఎదుటి కుర్చీ వైపు చూడకుండానే
ఒక మెనూ పడేశాను, ఒక కప్పు పెట్టాను.
మిగతా మెనూలు సిరప్ అంటుకుని సింకు పక్కన ఉన్నాయి.
అంతే. అంతకు మించి ఏమీ లేదు.

వెళ్ళాక సాసరు కింద ఇరవై. అసలు నోటే.
బిల్లు వెనక బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు:
"రెండోది తేనందుకు. ఏమీ అడగనందుకు."

మార్వెల్ పోయిందని
పదకొండింటికి వంటతను చెప్పాడు నాకు.

అన్ని వందల పొద్దులు
షుగర్ వేరే గిన్నెలో పెట్టడం మరిచిపోలేదే,
దానికి సున్నా.
చూడకపోవడానికి, తొందరకి, సిరప్ జిగురుకి
నూటికి నూరు దాటిన మార్కు.
తిరిగి ఇచ్చెయ్యాలనే అనుకున్నాను.
ఏమని ఇవ్వను?
సార్, అది దయ కాదు, పరధ్యానం అనా?
శుక్రవారం కరెంటు బిల్లు కట్టాను.

మర్నాడు మళ్ళీ ఆరుంబావు.
ఈసారి తెలిసే ఒక్క మెనూ తీశాను,
తెలిసే ఒక్క కప్పు.
చెయ్యి వణికి సాసరులో కాస్త ఒలికింది.
ఆయన సాసరు వైపు చూశారు.
తిన్నారు. సెంటు తేడా లేకుండా కట్టారు.

బల్ల తుడిచాను.
టోస్టు పొడి, అంతే.
లోపలికి వెళ్ళి,
పొద్దున్నే అలవాటుగా నింపి పెట్టుకున్న
బ్రౌన్ షుగర్ గిన్నెని
మళ్ళీ డబ్బాలోకి ఒంపేశాను.