రెండో ఈకల దాకా

గుడ్డు పగిలిన రోజున
అది సగం రాత్రి, సగం వెన్న.
వీపంతా మసి, పొట్ట కింద లేత పసుపు,
రెక్క కొసన ఎవరో సున్నం వేలు
తుడుచుకుని వెళ్ళినట్టు ఒక మరక.

కోనెరో కొండ వెనక
ఆడ్రియాటిక్ వైపు వాలిన పెరట్లో
నెవియా ఇరవై రెండు పిల్లల్ని లెక్కపెట్టింది.
ఒక్కో కాలికి ఒక్కో దారం.
పాత క్యాలెండర్ వెనక పెన్సిల్ రాతలు.

ఆంకోనా కోడంటే ఇలా ఉండాలని
పుస్తకంలో రాసి ఉంది:
పచ్చటి మెరుపున్న నలుపు,
ఐదు ఈకల్లో ఒకదానికి
కొసన తెల్ల చుక్క.
పిల్లలు పుస్తకం చదవలేదు.

మూడో వారం: రెక్కలు ముందే వచ్చాయి, తెల్లగా,
చొక్కా లేకుండా చేతులు మాత్రం తొడుక్కున్నట్టు.
ఆరో వారం: చుక్కలు లేవు, అన్నీ అలుకులే,
పలక మీద సగం తుడిచిన ఎక్కాలు.
పదో వారం: పిండిలో పడి లేచినవి ఎనిమిది.
నీలం దారంది మాత్రం
ఒక్క తెల్ల ఈకైనా లేకుండా
బొగ్గు కణికలా నిలబడింది.

ఇంత దూరాన ఉన్న వీటిని
నేనైతే ఏమని పిలవను?
పర్లా? పూలా?
కోళ్ళ రంగులకి మనకి పేర్లు తక్కువేం కాదు.
బొల్లి అని ఒక మాట ఉంది.
కోడికైతే అది రంగు.
మనిషికైతే గొంతు తగ్గించి చెప్పే మాట.

నెవియాకి ఆ మాట తెలియదు.
పోయిన చలికాలం ఉంగరపు వేలి కణుపు మీద
బియ్యపుగింజంత తెలుపు.
ఈస్టర్ నాటికి మూడు గింజలు.
ఓసిమోలో డాక్టరు, ఆగొచ్చు, పాకొచ్చు, అన్నాడు,
వాన గురించి చెప్పినట్టు.
అప్పటినుంచి మందుల షాపులో
చిల్లర ఎడమచేత్తో ఇస్తోంది.

జూలైలో గార్బీనో గాలి వేడిగా కొట్టిన రోజు
నీలం దారాన్ని బుట్టలో పెట్టింది, సంతకి.
గేటు దగ్గర ఒరేస్తే ఎదురయ్యాడు,
చేతిలో శనగ మొక్కల కట్ట,
యాభై ఏళ్ళుగా ఇవే కోళ్ళు పెంచిన మనిషి.
బుట్ట మూత ఎత్తి చూసి
"ఇవి బడికి వేసుకెళ్ళే బట్టలు," అన్నాడు.
"రెండో ఈకలు రానీ."
అంతే. శనగలు తీసుకుని పోయాడు.

ఎండలు తగ్గాక పెరడంతా ఈకలు.
తులసి కుండీలో ఈకలు, నీళ్ళ తొట్లో ఈకలు,
ఆరేసిన దుప్పటికి అంటుకుని ఈకలు.
కోళ్ళు చిరిగిన దిండ్లలా తిరిగాయి.
ఒళ్ళో పెట్టుకుని చూస్తే మెడ మీద
నెత్తురు నిండిన చిన్న ముళ్ళు,
ఒక్కో ముల్లు పగిలి ముందుగా తెలుపు.

ఈక కొసనుంచి మొదలవుతుందట.
ముందు పుట్టేది చుక్కే.
నలుపంతా తర్వాత
దాని వెనక నెట్టుకుంటూ వస్తుంది.
నెవియా చాలాసేపు ఆ కోడిని దించలేదు.

అక్టోబరులో పిండికోళ్ళు చాలావరకు నల్లబడ్డాయి.
రెండు మాత్రం అలాగే ఉండిపోయాయి, ఎందుకో.
నీలం దారందానికి పదకొండు చుక్కలు,
పోటీకి చాలవు.
ఒరేస్తే కంచె మీదనుంచి లెక్కపెట్టి,
వచ్చే ఏడు ఇంకొన్ని,
ఆ పై ఏడు మరికొన్ని, అన్నాడు.
ఈక మార్చిన ప్రతిసారీ తెలుపు పెరుగుతుందని,
ముసలి కోళ్ళు మంచులో కనబడవని,
నవ్వాడు.
నెవియా నవ్వలేదు. కోపమూ రాలేదు.

కాలు లావెక్కి దారం బిగిసింది.
వంటింటి కత్తెర తెచ్చి
కోడిని చంకలో ఇరికించుకుని
కుడిచేత్తో కత్తిరించింది.
అది దులుపుకుని
మిగతా వాటిలో కలిసిపోయింది.
ఇప్పుడు నన్నడిగితే ఏదో చెప్పలేను.
ఆమె చెప్పగలదు.
గింజలు చల్లుతూ, చేయి చాపి,
అదిగో, అంటుంది.