వేలి చివర

తలుపులు చేసే మనిషి మా నాన్న.
గోవన్‌లో సగం వీధుల తలుపులు
ఆయన చేతిమీదుగా వెళ్ళినవే.
ఏది కిర్రుమంటుందో వినలేడు,
అరచెయ్యి ఆనించి చెప్పేస్తాడు.

మా ఇంట్లో మాట అంటే చెయ్యి.
కేక అంటే దీపం ఆర్పి వెలిగించడం.
అబద్ధమాడాలంటే
చేతులు జేబుల్లో పెట్టుకోవాలి.

యాభై ఒకటో ఏట
మొదట ఉలి పేరు పోయింది.
నాలుక చివర ఉందంటారే, వినేవాళ్ళు,
నాన్నకది వేలి చివర ఉంది.
చూపుడువేలు గాల్లో ఆగిపోయి
గోరు కింద పేడు దిగినట్టు
దాన్నే చూసుకున్నాడు.
తరువాత రెండుసార్లు కొలిచిన కిటికీ
జానెడు పొట్టిగా వచ్చింది.
తాగి వస్తున్నావా లాక్లన్, అని కాగితం మీద రాసి అడిగారు.
ఆ వయసుకి వాళ్ళకు తెలిసిన జబ్బు అదొక్కటే.

ఆసుపత్రికి రావలసిన దుబాసీ రాలేదు.
కెమిస్ట్రీ పరీక్ష మానేసి నేను వెళ్ళాను,
పదహారేళ్ళదాన్ని.
డాక్టరు నా మొహం చూస్తూ ఆయన సంగతి అడిగింది.
మూడు మాటలు చెబుతాను, గుర్తుంచుకోమను.
గుర్రం. నిమ్మకాయ. ఉత్తరం.
కళ్ళెం పట్టాను, పిండాను,
నాలుకతో తడిపి అంటించాను.
పది నిమిషాలాగి నాన్న
నిమ్మకాయ నెక్కి స్వారీ చేశాడు.
ముప్పైకి పదకొండు.
పోయిన పంతొమ్మిదిలో
ఆయనవెన్ని, నావెన్ని,
ఆ కాగితంలో గడి లేదు.

ఇక జబ్బు పేరు.
దానికి సైగ నాకెవరూ నేర్పలేదు.
నుదుటి దగ్గర గుప్పిట పెట్టి
మెల్లగా విప్పాను.
నాన్న కాసేపు చూశాడు.
నా మణికట్టు పట్టుకుని సరిదిద్దాడు:
అలా కాదు, ఒక్కో వేలూ విడిగా,
చిటికెనవేలు ముందు.
చిన్నప్పటి నుంచీ
నా ఉచ్చారణంటే ఆయనకు పట్టింపు.

మొదట పంపిన చోట అందరికీ ఎనభై.
పియానో చుట్టూ కుర్చీలు,
వాళ్ళ పడుచునాటి పాటలు.
నాన్న నడుముకి ఇంకా కొలతటేపు ఉంది,
ఇంటి మీద అప్పు పద్నాలుగేళ్ళు ఉంది.
వాయించమని కంజిర ఒకటి చేతికిచ్చారు.
తిప్పి చూశాడు. చట్రం వదులైంది.
చెంచా వెనకవైపుతో మేకు దిగ్గొట్టి
తిరిగి ఇచ్చేశాడు.
సహకరించలేదు, అని రాసుకున్నారు.

గురువారాలిప్పుడు బధిరుల క్లబ్బు మేడమీదికి.
ఆరుగురే. హీటరు పనిచేయదు.
తహ్మీనాకి నలభై తొమ్మిది.
బడిలో నేర్చిన సైగలన్నీ రాలిపోయి
వాళ్ళమ్మ వంటింటి సైగలు మిగిలాయి.
అవి తెలిసిన ఆ ఒక్క మనిషీ పోయింది.
ఉప్పు అడుగుతుంది, చక్కెర ఇస్తాం.
ఎఫీ మాత్రం ఆ చేతిని చూసి చూసి
చిన్న నోటుబుక్కులో బొమ్మలు గీస్తోంది.
ఇప్పటికి ఇరవై మూడు.
నాలుగు తప్పని తేలింది.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి ఎఫీ,
శిక్షణా గిక్షణా ఏం లేదు.
మాట దొరక్క నాన్న చేతులు గాల్లో నిలిచిపోతే
కింద తన చేతులు ఆనిస్తుంది,
తలుపు బిగించేటప్పుడు
అడుగున చెక్కముక్క పెట్టినట్టు.
కాసేపటికి అవి కదుల్తాయి.
కదలకపోతే, అలాగే టీ చల్లారుతుంది.

నాన్న నాకు పెట్టిన పేరు అక్షరాల్లో లేదు:
బుగ్గమీద బొటనవేలు, ఒక్క తిప్పు.
అది నా సొట్ట.
ఈ మధ్య ఆ పేరుతో కెటిల్‌ని పిలుస్తున్నాడు.
వాన వెలిస్తే కిటికీని.
తహ్మీనాని. ఒకసారి, బస్సుని.

నిన్న రాత్రి రెండింటికి
ఇల్లంతా దీపాలు ఆరి వెలిగాయి.
వెళ్ళేసరికి వీధితలుపు మీద
అరచెయ్యి ఆనించి నిలబడున్నాడు.
రెండోచేత్తో బుగ్గమీద బొటనవేలు తిప్పాడు.

పిలిచింది నన్నో, తలుపునో.
జేబుల్లోంచి చేతులు తీసి
పలికాను.