కుడి చెవి

కాస్త్రోలో మా తరగతి బొమ్మకి కాళ్ళుండవు.
నడుము దాకా రబ్బరు, పైన తెరిచిన నోరు.
ముప్పై నొక్కులు, రెండు ఊపిరులు, మళ్ళీ ముప్పై.
మోచెయ్యి వంగితే ఎదెల్మీరా టీచరు
వెనక నుంచి స్కేలుతో తట్టేది.
"చేతులతో కాదు పిల్లా, ఒళ్ళు బరువంతా వేసి నొక్కు.
చేతులు రెండు నిమిషాల్లో చచ్చుబడతాయి.
ఆ మనిషి చావకూడదు."

బొమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.
పేరడిగితే మేమే జవాబిచ్చుకునేవాళ్ళం,
రోజుకో పేరు, కిసుక్కున నవ్వుతూ.
పరీక్షలో నాకు తొంభై ఆరు.

జూలై. వాన పట్టి పదకొండు రోజులు.
మా దీవుల్లో అంబులెన్సు అంటే పడవ.
స్ట్రెచరుని తాళ్ళతో బిగించి, ఆక్సిజన్ సిలిండరుని
మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నలభై నిమిషాలు.
కడుపులో తిప్పకుండా వల్లెవేస్తూనే ఉన్నాను:
శ్వాసదారి, శ్వాస, రక్తప్రసరణ,
శ్వాసదారి, శ్వాస...
అమ్మమ్మ జపమాల పూసలు జరిపినట్టు.

ఒనోఫ్రే వెంతెయో. డెబ్భై తొమ్మిదేళ్ళు.
కట్టెలు తేబోయి వెనక గుమ్మంలో జారాడు.
మమ్మల్ని తీసుకురావడానికి పక్కింటివాడు రేవుకొచ్చాడు,
అంతసేపూ ఈయనొక్కడే, నడవాలో, ఉన్ని కంబళి కింద.
నేను ఎడమవైపు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చోటు అక్కడే ఉంది.
నాడి నూట నాలుగు. ఆక్సిజన్ తొంభై మూడు.
ఎడమ పాదం బయటికి తిరిగి, కాలు పొట్టిబడి...
తుంటి ఎముక. అచ్చం పుస్తకంలో బొమ్మే.
నిజం చెప్పొద్దూ, లోపల చిన్న సంతోషం.

"ఇవాళ ఏం వారమండీ?"
"దుంపలు," అన్నాడు.
"మీరెక్కడున్నారో తెలుస్తోందా?"
"దుంపలమ్మా, దుంపలు."

ఫారంలో ఒక గడి ఉంటుంది: అయోమయం.
టిక్కు పెట్టాను.

ఎదెల్మీరా నన్నేమీ అనలేదు.
స్టెతస్కోపు బిళ్ళని చంకలో పెట్టుకుని వెచ్చచేస్తూ
ఆయన తల చుట్టూ తిరిగి వెళ్ళి
గోడకీ ఆయనకీ మధ్య, పిల్లి పట్టేంత సందులో,
ఎలాగో ఒదిగి కూర్చుంది.
కుడి చెవి దగ్గరికి వంగి
"నా పేరు ఎదెల్మీరా. మిమ్మల్నేమని పిలవమంటారు?" అంది.

"నోఫో అంటారు.
ఆ పిల్ల నా చెవిటి చెవిలో ఏదో అడుగుతోంది,
బాగుండదని ఊరుకున్నా.
పొయ్యి మీద దుంపలున్నాయి, మాడుతున్నాయి.
ముందు అవి దించండి తల్లీ, ఇల్లు కొయ్యది."

అప్పుడు తగిలింది నాకు వాసన.
వంటింటి తలుపు తీస్తే నల్లగా పొగ.
కుండని ఎత్తి వానలోకి విసిరేశాను.
వేలు కాలింది. చెప్పుకోలేదు.

తిరిగొచ్చేసరికి నాడి ఎనభై ఎనిమిది.
నొప్పి మందు సిరంజిలోనే ఉంది ఇంకా.

"మూడు లెక్కపెట్టి ఎత్తుతాం నోఫో, బాధ తెలుస్తుంది."
"లెక్క నేను పెడతా," అన్నాడు.
ఒకటి అన్నాడు. రెండు అన్నాడు.
ఆపైన కప్పుని చూస్తూ ఎంతసేపున్నాడో!
మా నలుగురి చేతులూ ఆయన కింద, ఊపిరి బిగబట్టి.
మూడు అనేదాకా ఎవరం కదల్లేదు.

పడవలో ఫారం దిద్దాను.
చెరపకూడదు, ఒక్క గీతతో కొట్టి పక్కన సంతకం.
తప్పు ఎప్పటికీ కనబడుతూ ఉండాలి, అది పద్ధతి.
ఈసారి కుడివైపు కూర్చున్నాను.
ఇంజను మోతలో ఆయన పెదవులు కదులుతున్నాయి,
చెవి ఆనించాను.

గొర్రెలు పదిహేడట.
అందులో ఒకటి కుంటిది, దాన్ని విడిగా మేపాలట,
పక్కింటివాడికి ఆ సంగతి తెలియదట.
ఎక్కడ రాయాలో వెతికాను. దానికి గడి లేదు.
అంచున, నిలువుగా, తడి వేలితో కాగితం అదిమిపట్టి
రాశాను.