తీగపాకం

ముప్పై ఏండ్లు
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
తీగ సాగినాకే పాకం దించినా.
ప్రొద్దుటూరు బజార్లో
నా వేలి మాట కాదన్నోళ్ళు లేరు.

ఇప్పుడా వేలికే సూది.
పాకానికి కాలి కాలి రాయైన తోలు
ఒక చుక్క ఇచ్చేదానికి బేరమాడతాది.
“ఇంగొంచెం పిండబ్బా” అంటాది మాబున్ని.
నూటా డెబ్బై. పుస్తకంలో రాస్తాది.

తెల్లారకముందే కాలవ గట్టెంబడి నడక.
రాత్రికి కొర్రన్నం, చుక్కాకు పప్పు.
అంగట్లో రుచి చూసేది ఓబులేసు.
తీపి సరిపోయిందా లేదా
వాని మొగంలో చూసుకుంటా.

తీగ చూసినాక
వేలు దానంతటదే నోటికాడికి పోతాది.
నడిదోవలో ఆపి
తొట్టి నీళ్ళలో ముంచుతా.

ఈ పొద్దు జిలేబీ వాయికి
మతి తప్పింది, రెండు తూర్లు.
మాబున్ని పుస్తకం తెరిచింది.
నేను వేలు చాపినా,
నోరు మాత్రం తెరవలే.