నాలుగో నీళ్ళు

హిల్డా పీర్ట్ ఇంట్లో స్నానాల తొట్టి తీసేశారు.
ఎనభై దాటినవాళ్ళు జారిపడతారని
కౌన్సిలు వాళ్ళొచ్చి షవరు బిగించి వెళ్ళారు.
అందుకని ఈ శనివారం పొద్దున్నే
దిండు గలీబులో కుక్కిన బొంతతో
మా గుమ్మంలో నిలబడింది:
"మీ తొట్టి ఖాళీయేనా?"

స్టాన్‌హోప్‌లో ఏప్రిల్. కొండమీది గొర్రెలకి కూడా చలి.
నేను బాత్రూములో మోకాళ్ళ మీద,
ఆమె కమోడు మూత మీద, సింహాసనం ఎక్కినట్టు.

ముందు పరీక్ష.
తడి తెల్లగుడ్డ ఒక్కో రంగు మీద అద్ది
వంద లెక్కపెట్టాలి.
ఆకుపచ్చ నిలబడింది. నీలం నిలబడింది.
ఎరుపు దగ్గర తొంభైలో నాకు లెక్క తప్పింది.
మళ్ళీ మొదటినుంచి, అంది.
గోధుమరంగు ముక్కల మీద మాత్రం నొక్కొద్దంది.
ఆ అద్దకంలో ఇనుముందట,
ఇన్నేళ్ళుగా గుడ్డను లోపల్నుంచి తింటోందట.
వాటి మీద సన్నటి వలగుడ్డ కుట్టుకొచ్చింది,
రాలిపోయేది రాలకుండా.

నిజం చెప్పొద్దూ,
ఓ మూల తీగపువ్వులో నాకు బందరు కనిపించింది.
ఎక్కడి కృష్ణ, ఎక్కడి ఈ వేర్ నది అని
పెద్ద మాటేదో నోటిదాకా వచ్చింది.
హిల్డా కళ్ళజోడు సవరించుకుని చూసి
"అది మా ఎడిత్ పిన్ని వంటింటి కర్టెను" అంది.
"బిషప్ ఆక్లండ్ సంతలో కొన్నది. చవగ్గా."
నేను మాట మింగి చొక్కా చేతులు మడిచాను.

గోరువెచ్చన. అంతకు మించి వద్దు.
తొట్టిలో ముందు పాత దుప్పటి పరిచి
దాని మీద బొంత. ఎందుకో తర్వాత తెలిసింది.
రుద్దకూడదు. పిండకూడదు.
నిద్రపోతున్నవాడి వీపు మీద చెయ్యి వేసినట్టు
నొక్కి, వదలాలి.

మొదటి నీళ్ళు డికాషను.
రెండో నీళ్ళు టీ.
మూడో నీళ్ళలో
ఏ బొగ్గుపొయ్యి మసో, ఎవరి జ్వరం చెమటో,
ఏ తాత పైపు పొగాకో,
మొత్తానికి ఆ ఇంట్లో బతికినవాళ్ళంతా
కొంచెం కొంచెంగా తూములోకి దిగిపోతున్నారు.
"పోనీ" అంది హిల్డా.
"వాళ్ళెవరికీ సబ్బంటే పడేది కాదు."

మా వైపు అతుకుల బొంత అంటే తిట్టు.
నా పదో తరగతి వ్యాసాన్ని మాస్టారు ఆ మాటే అన్నాడు.
మొన్న ఆఫీసులో నా ప్లాను చూసి
నేనే అనుకున్నాను.
అన్నవాళ్ళం ఎవరమూ
ఒక్క బొంతనైనా వెనక్కి తిప్పి చూసుండం.
తిప్పితే
అంగుళానికి పది కుట్లు, చీమల బారు.
ఒక్క గడిలో మాత్రం కల్లు తాగిన చీమలు.
"అవి నావి" అంది. "ఆరేళ్ళప్పుడు.
రాత్రికి అమ్మ విప్పేసి తిరిగి కుడుతుందనుకున్నా."
ఆ గడిని తనే ఒంగి కడిగింది,
వేళ్ళు సరిగ్గా ముడవకపోయినా.

నాలుగో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

లేపబోతే లేవలేదు.
తడిసిన దూది ఎంత బరువో నాకెవరూ చెప్పలేదు.
కింది దుప్పటి చెంగులు పట్టుకుని
ఆ చివర ఆమె, ఈ చివర నేను.
"మోకాళ్ళు వంచు, నడుము వంచకు.
ఒకటి, రెండు..."
ఆ లెక్క ఆమె నోటికి పాతది.
"విల్ఫ్ ఇంతకంటే తేలిక" అంది.
అంతే అంది.

ఎండ లేదు. మంచిదేనట, ఎండ రంగు తాగేస్తుందట.
తాడు మీద వేస్తే సొంత బరువుకే కుట్లు తెగుతాయట.
గడ్డి మీద దుప్పటి, దాని మీద బొంత,
కాకుల కోసం పైన ఇంకో దుప్పటి.
కిటికీ దగ్గర కూచుని
ఇద్దరం ఆకాశానికి కాపలా కాశాం.
రెండుసార్లు చినుకు పడింది. రెండుసార్లూ పరిగెత్తాను.
రాత్రికి హాల్లో పరిచి
ఆదివారం మళ్ళీ గడ్డి మీదికి.

మడత పెట్టేటప్పుడు నా చేతులు
పాత గీతల్నే వెతుక్కున్నాయి.
మణికట్టు మీద చిన్న దెబ్బ వేసింది.
"అక్కడ కాదు. ఏటా మడత మార్చాలి.
ఒకేచోట విరిస్తే అక్కడే చిరుగుతుంది."

బొంత వెళ్ళిపోయింది.
తొట్టి చుట్టూ టీరంగు చార ఒకటి మిగిలింది.
సోమవారం దాకా తోమలేదు.
మంగళవారం కూడా, నిజానికి.